బండ్ల కనుమ

"అట్ల కాదు మనవరాలా, గొర్రెల కాడ నుంచి ఎత్తుకోవాకు. అవి మధ్యలో వస్తాయి. ఆయుధ పూజ నాటి నుంచి రాయి. మీ అన్న ఉరుకుందు ఆ పిల్ల మిషన్ ఆపినాడు సూడు, ఆడ మొదలుపెట్టు. నువ్వప్పుడు కర్నూలు హాస్టల్లో ఉంటివి, నీకు సగమే తెలుసు. నేను నిదానంగా సెప్తా. నువ్వు పుస్తకంలో ఉండేట్టు సక్కగా రాసుకో. నా మాట నా మాదిరే రాస్తే ఆదోనోళ్లు నవ్వుతారు. నన్ను సూసి నవ్వితే నవ్వనీలే. ఆ పిల్లోళ్లను సూసి నవ్వకూడదు. రాస్తాండావా?"

ఎమ్మిగనూరు బస్టాండు వెనక సందులో ఉరుకుందుకు ఒక చిన్న షాపు ఉంది. కంప్యూటరో ప్రింటరో ఇన్వర్టరో, ఏది చెడిపోయినా బాగు చేస్తాడు. చేతులకు ఎంత పని ఇస్తాడో నోటికీ అంత పని ఇస్తాడు.

ఆ రోజు ఆయుధ పూజ. పొద్దున్నే షాపు కడిగాడు. స్క్రూడ్రైవర్లు వరసగా పేర్చాడు. సోల్డరింగ్ ఐరన్‌కు కూడా బొట్టు పెట్టాడు. మూల బల్ల మీద ఒక కంప్యూటర్ మిషన్ మాత్రం పద్దెనిమిది రోజులుగా ఆగకుండా గుయ్యిమంటోంది. దాని మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసిన కాగితం అంటించి ఉంది.

"ఆపకూడదు. ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు. పావని."

ఆ పావని గురించి అతనికి తెలిసింది తక్కువ. ఆదోనిలో పత్తి మండీ దామోదరం శెట్టి కూతురు. హైదరాబాదులో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఇంట్లో కరెంటు పోతూ వస్తూ ఉందని, పెద్ద ఇన్వర్టర్ ఉన్న ఈ షాపులో మిషన్ తెచ్చి పెట్టింది. ఇంకొక్క సంగతి కూడా తెలుసు. తెచ్చిన రోజు వానలో తడిసి వచ్చి, జడ నుంచి నీళ్లు కారుతుంటే, జడ సంగతి మరిచి ముందు మిషన్ తుడిచింది. ఆ సంగతి అతను రోజుకు పదిసార్లు గుర్తు చేసుకునేవాడు.

ఉరుకుందు మిషన్ వంక చూశాడు. ఊళ్లో మగ్గాలు ఆగాయి. ట్రాక్టర్లు ఆగాయి. ఆదోని జిన్నింగు మిల్లులు ఆగాయి. పనిముట్టుకు ఏడాదిలో ఒక్క రోజే విశ్రాంతి. తిరుగుతున్న మిషన్‌కు బొట్టు పెట్టకూడదని, ఆపి, తుడిచి, అప్పుడు పెట్టాలని అతని అవ్వ తిప్పమ్మ చిన్నప్పటి నుంచి చెప్పేది. కాగితం ఇంకోసారి చదివాడు. ఆమె పండగ మరిచిపోయి రాసి ఉంటుంది అనుకున్నాడు. పద్దెనిమిది రోజులు పని చేసిన దానికి ఒక్క పూట విశ్రాంతి ఇస్తే ఏమవుతుంది?

స్విచ్ నొక్కాడు. షాపు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. తడిగుడ్డతో తుడిచి, తెర మీద మూడు విభూతి రేఖలు దిద్ది, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాడు.

పదకొండు గంటలకు పావని వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు ఆపింది?"

"నేనే మేడం. ఆయుధ పూజ గదా. సాయంత్రం మళ్లా ఏస్తాలే. పాపం, పద్దెనిమిది దినాల నుంచి నిద్ర లేదు దానికి."

"దానికి నిద్ర లేదా?" ఆమె గొంతు లేవలేదు. దానికే అతనికి భయం వేసింది. "నాకు నాలుగేండ్ల నుంచి నిద్ర లేదప్పా. ఇంకో మూడు దినాలు తిరిగింటే నా లెక్క అయిపోయేది."

"సేవ్ అయ్యింటాది గదా."

"కాలేదు."

"ఏంటికి కాలేదు?"

ఆమె మిషన్ మీది బంతిపూల దండ తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది నీ మెడలో వేసుకో. నీకే బాగుంటాది."

ఉరుకుందు దండ పట్టుకుని నిలబడ్డాడు. కోపానికి ఆమె ముక్కు కొస కుంకుమ కంటే ఎర్రగా ఉంది. ఆ మాట ఇప్పుడు పైకి అంటే మిషన్ వచ్చి తన నెత్తిన పడుతుందని తెలుసు.

"తప్పు నాదే. మళ్లా మొదటి నుంచి ఏస్తాం. నేనే ఏస్తా."

"మాఘ మాసంలో నా సెమినార్. ఒక్కసారి వేస్తే ఎవరూ నమ్మరు. ఎనిమిది సార్లు వేయాల, ఎనిమిది సార్లూ ఒకటే జవాబు రావాల. ఒక్కొక్కదానికి ఇరవై ఒక్క దినాలు. ఒక్క మిషన్‌తో ఎట్ల?"

"ఎనిమిది మిషన్లు తెస్తా."

"యాడ నుంచి?"

"అది నా పని. నువ్వు కోపంగా ఉండు. నేను పోయి తెస్తా."

ఆదోనిలో అతని స్నేహితుడు వీరేష్‌ది ఒక గేమింగ్ సెంటర్ ఉండేది. పిల్లలంతా ఫోన్లలోనే ఆడుకుంటున్నారని మూసేశాడు. ఆటల కోసం కొన్న మంచి గ్రాఫిక్స్ కార్డులు మిషన్లతో సహా దుమ్ములో ఉన్నాయి. ఉరుకుందు ఏడు మిషన్లు ఆటోలో వేసుకొచ్చాడు. రెండు పలకలేదు. ఫ్యాన్లు మార్చి, టంకాలు వేసి పలికించాడు.

నాలుగో రోజు పావని వచ్చేసరికి ఎనిమిది మిషన్లు వరసగా గుయ్యిమంటున్నాయి. ఎనిమిదింటికీ బొట్లు ఉన్నాయి.

"ఇవి ఏంటికి?"

"బొట్టు లేకుంటే మా షాపులో ఏ మిషనూ పని చేయదు మేడం."

ఆమె నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించింది. కుదరలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, కాసేపు తన చేతులు చూసుకుంది.

"ఉరుకుందూ, ఒక మాట. ఆ పొద్దు లెక్క సేవ్ కాకపోయింది నీ తప్పు కాదు. డిస్కు నిండుతోందని నేనే సేవ్ ఆపేసి, మళ్లా పెట్టడం మర్చిపోయినా. నాలుగేండ్లు చదివి, బడి పిల్లలు చేసే తప్పు చేసినా."

"నాకు ఆ పొద్దే తెలుసు."

"తెలిసి ఏంటికి గమ్మునుంటివి?"

"నువ్వు సెప్తావో సెప్పవో సూస్తామని."

ఆమె అతని వంక అప్పుడే మొదటిసారి సరిగ్గా చూసింది. తర్వాత "మేడం అనొద్దు" అంది.

అప్పటి నుంచి వారానికి మూడు రోజులు ఆదోని బస్సు దిగేది. ఒక మధ్యాహ్నం అతను అడిగాడు. "ఇంతకీ ఈ ఎనిమిది మిషన్లు ఏమి ఎతుకుతాండాయి పావనీ?"

"దారి."

"యాడికి?"

"రంగు నూలును పట్టుకునే దారి." ఆమె బల్ల మీద వేలితో గీసింది. "మా నాయన అమ్మే పత్తి మీ ఊళ్లో నూలవుతాది. నూలును రంగునీళ్లలో ముంచితే రంగు రెండిట్లో ఒకటి చేస్తాది. నూలును గట్టిగా పట్టుకుంటాది. లేకుంటే నీళ్లతో కలిసి కాలవలో పోతాది. పట్టుకునే ముందు అది ఒక గట్టు ఎక్కాల. ఏ దారిన ఎక్కుతాదో కంటికి కనపడదు. లెక్కలో చూడాల."

"గట్టు దానంతట అదే ఎక్కుతాదా?"

"ఎక్కదు. గుంతలో కూర్చుంటాది. దాని కాళ్ల కింద మనం కొంచెం కొంచెం మట్టి పోస్తా పోవాల. గుంత పూడితే అదే దాటుతాది. ఎంత మట్టి పోసినామో గుర్తు పెట్టుకుంటే ఆ గుంత ఎంత లోతో తెలుస్తాది. దాన్ని మెటాడైనమిక్స్ అంటారు."

"అంటే నాలుగేండ్ల నుంచి హైదరాబాదులో నువ్వు మట్టి మోస్తాండావు."

"పీహెచ్‌డీ అంటే అంతేలే."

నవ్వు ఆగాక అసలు సంగతి చెప్పింది. ఆ దారి తాను ఎప్పుడో కనిపెట్టానని ఆమె గైడు పదేండ్ల కింద పేపర్ వేశాడు. మూడు నీటి అణువులు వరసగా నిలబడి, చెయ్యీ చెయ్యీ అందించి రంగును దాటిస్తాయని ఆయన మాట. కాని వేడి నీళ్లలో వేసిన రంగు ఆ లెక్కకు తగ్గట్టు నడవడం లేదు. ఎమ్మిగనూరు అద్దకం వాళ్లను అడిగినా అదే చెప్పారు. పావని తనకు అనుమానంగా ఉందంది. ఉన్న దారి ఉండగా కొత్త దారి ఎందుకమ్మా అన్నాడు గైడు. యూనివర్సిటీ పెద్ద కంప్యూటర్లలో టైము ఇవ్వలేదు. ఆమె స్టైపెండు కూడబెట్టి సొంత మిషన్ కొనుక్కుంది.

"సెమినార్‌లో తేలకుంటే?" అన్నాడు ఉరుకుందు.

"చదువు ఆపి ఇంట్లో కూర్చోవాల. మా నాయనకు మాట ఇచ్చినా."

ఆ సాయంత్రం అతను ఎనిమిది ఇన్వర్టర్ బ్యాటరీల్లోనూ నీళ్లు చూశాడు. పొద్దున చూసినవే మళ్లీ చూశాడు.

పాత ఆటల మిషన్లు నిదానం కాబట్టి ఇరవై ఒక్క రోజుల లెక్కకు యాభై రోజులు పట్టింది. డిసెంబరులో, ముసురు పట్టిన ఒక రోజు, ఎనిమిది మిషన్లూ ఒకదాని వెనక ఒకటి పని ముగించాయి. పావని తెర ముందు కూర్చుని చూసింది. ఎనిమిది జవాబులనూ పక్కపక్కన పెట్టింది.

"ఏమయ్యింది?"

"ఎనిమిది సార్లూ మా సారు దారే వచ్చింది. ఆయన చెప్పిందే నిజం."

బయట వాన సన్నగా కురుస్తోంది. ఉరుకుందు ఏదైనా హాస్యం ఆడాలని వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు. మొదటిసారి అతని నోటికి పని లేకపోయింది.

అప్పుడే తిప్పమ్మ తలమీద గోనెసంచి కప్పుకుని వచ్చింది. కొంగున జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిమిండి అనే పచ్చడి. డెబ్బై ఏండ్ల మనిషి. అరవై ఏండ్లు గొర్రెల వెంట కొండలు తిరిగింది.

"తిను పాపా. ఏడ్సినా కడుపు నిండినాక ఏడ్సాల," అని రొట్టె చేతిలో పెట్టి తెర వంక చూసింది. నీలం రంగులో లోయలు, ఎరుపులో గట్లు. "ఇది యాడిది ఈ కొండ?"

"కొండ కాదవ్వా. రంగు నూలు కాడికి పోయే దారి. ఇదిగో, ఈ సందులో దాటుతాది. ఇదే అన్నిటికన్నా తక్కువ ఎత్తు."

"మా కొండల్లో సూది కనుమ దారి మాదిరి ఉండాది. ఎత్తు తక్కువే గాని సందు. గొర్రె యెనక గొర్రె పోవాల."

పావని రొట్టె నములుతూనే ఇంకో బటన్ నొక్కింది. తెర మీద నీటి అణువులు చిన్న చిన్న బంతుల్లాగా కదిలాయి. తిప్పమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి చూసింది. మళ్లీ చూపించమంది. మూడోసారి కూడా చూసింది.

"ఈ మూడింటికీ తాడు కట్టినారా?"

"ఏ మూడింటికవ్వా?"

"ఈ సిన్నవి. తక్కినవన్నీ ఇష్టమొచ్చినట్టు తిరుగుతాండాయి. ఈ మూడు మాత్రం వరస తప్పవు. గొర్రెలు అట్ల నడవవు తల్లీ. సంతకు తోలుకపోయేటప్పుడు తాడు కడ్తే అట్ల నడుస్తాయి."

పావని నమలడం ఆపింది. రొట్టె పక్కన పెట్టింది. గైడు నాలుగేండ్ల కింద ఇచ్చిన ఫైలు తెరిచింది. ఆమె లెక్కలన్నీ ఆ ఫైలు మీదే నడిచాయి. వేలు పెట్టి ఒక్కొక్క లైనూ చదువుకుంటూ పోయింది. చాలా కిందికి పోయాక వేలు ఆగింది.

"ఈడ ఉండాది," అంది మెల్లగా. "మూడు నీళ్లను వరసగా పట్టి ఉంచమని రాసి ఉండాది. నేను ఇన్నేండ్లూ ఈ లైను చూడనే లేదు. ఆయన దారే వచ్చేట్టు ఆయన కట్టి పెట్టినాడు."

"ఎవరు?"

"మా సారు."

"మంద ఆయనదా?"

"లెక్క నాది అవ్వా."

"ఐతే తాడు ఇప్పు."

"ఇప్పితే యాడికి పోతాయి?"

తిప్పమ్మ నవ్వింది. "బండ్ల కనుమకు పోతాయి. అది ఎత్తే. గాని బండ్లు పోయేంత ఎడల్పు. ఒక్క గొర్రెను తోలుకపోతే సూది కనుమ. మందను తోలుకపోతే బండ్ల కనుమ. ఎండకాలం అయితే ఇంక సెప్పే పనే లేదు. ఎండకు గొర్రె సందులో నిలబడదు."

"వేడికి," అంది పావని. తర్వాత ఉరుకుందు వైపు తిరిగింది. "వేడి నీళ్లలో రంగు. విన్నావా? ఎత్తు ఒక్కటే చూస్తే సందు గెలుస్తాది. ఎత్తుతో పాటు వెడల్పు కూడా కలిపి చూసేదే ఫ్రీ ఎనర్జీ. వేడి పెరిగే కొద్దీ వెడల్పుకే విలువ. పుస్తకంలో అది మొదటి పాఠం. నాకు పరీక్షలో వచ్చింది కూడా. తాడు ఉండగా ఆ వెడల్పు ఎట్ల కనపడ్తాది?"

ఊరిమిండి అంటిన చేతులతోనే ఆమె తిప్పమ్మను వాటేసుకుంది. ఉరుకుందు పక్కన నిలబడి, మిషన్ల ఫ్యాన్లు తుడిచింది తనే అయినా వాటేసుకునేది మాత్రం అవ్వను అని గట్టిగానే అన్నాడు. పావని విననట్టు కూర్చుని టైపు చేసింది. ముక్కు కొస మాత్రం మళ్లీ ఎర్రగా ఉంది. ఈసారి కోపానికి కాదు.

తాడు విప్పి ఎనిమిది మిషన్లనూ మళ్లీ తిప్పారు. సంక్రాంతి దాటి పది రోజులైంది. పావని అన్న శశికాంత్ పత్తి లారీ మాట్లాడటానికి ఎమ్మిగనూరు వచ్చి, చెల్లెలు ఆ షాపు మెట్ల మీద కూర్చుని ఒక గొర్రెల అవ్వ కంచంలో తినడం చూశాడు. మరుసటి రోజు దామోదరం శెట్టి స్వయంగా వచ్చాడు. తెల్ల చొక్కా మీద దూది నూగు అంటి ఉంది.

"మిషన్ ఆపి బండిలో పెట్టప్పా," అన్నాడు ఉరుకుందుతో.

"ఇంకా పదకొండు దినాలు ఉండాది అప్పా."

"ఆపు అంటాండా."

"ఆయుధ పూజ నాడు ఒకసారి ఆపినా. ఆ తప్పు రెండోసారి సేయను. ఎవరు సెప్పినా సేయను."

"గొర్రెలోళ్లు నాకు బుద్ధి చెప్పేదా?"

ఉరుకుందు చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు. "గొర్రెలోళ్లమే. దాంట్లో దాసుకునేది ఏముండాది? మా అవ్వ గొర్రెలు కాసింది కాబట్టే మీ పాప లెక్కలో తాడు కనపడింది. నువ్వు కూసో. మజ్జిగ తాగు. మిషన్ మాత్రం ముట్టుకోవాకు."

శెట్టి అతని పక్కనుంచి స్విచ్ వైపు చెయ్యి చాపాడు. పావని మధ్యలోకి వచ్చి నిలబడింది.

"నాయనా, నీ మండీలో తూకం వేసేటప్పుడు కాంటా మీద ఎవరన్నా చెయ్యి పెడితే ఊరుకుంటావా?"

"ఎందుకు ఊరుకుంటా?"

"ఇది నా కాంటా."

ఆయన చెయ్యి గాలిలోనే ఆగింది. నలభై ఏండ్లుగా కాంటా దగ్గర నిలబడిన మనిషి. ఆ మాట ఆయనకు తెలిసినంతగా ఆ షాపులో ఎవరికీ తెలియదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మాఘం దాకా. సెమినార్‌లో తేలకుంటే ఇంట్లో కూర్చోవాల. తేలినా సరే, మళ్లా ఈ షాపు గడప తొక్కకూడదు."

"మొదటిది ముందే ఒప్పుకున్నా," అంది పావని. "రెండోది ఒప్పుకోను."

శెట్టి మజ్జిగ ముట్టకుండా పోయాడు. ఉరుకుందు ఒక స్క్రూ బిగించడం మొదలుపెట్టాడు. అది అప్పటికే బిగించి ఉంది.

"రెండోది ఏంటికి ఒప్పుకోలేదు?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఈడ మజ్జిగ బాగుంటాది," అంది ఆమె.

పదకొండు రోజులకు లెక్క ముగిసింది. ఎనిమిది మిషన్లలోనూ రంగు బండ్ల కనుమ మీదుగానే దాటింది.

సెమినార్‌కు ఉరుకుందు హైదరాబాదు పోయాడు. దారి పొడవునా బస్సులో లెక్కలున్న డిస్కును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. హాలు బయట గైడు పావని స్లైడ్లు తిరగేసి చూస్తున్నాడు. నెరిసిన గడ్డం, మెత్తని గొంతు.

"లెక్క సంగతి లోపల మాట్లాడుకుందాం. ఈ ఆఖరి స్లైడు మాత్రం తీసెయ్యమ్మా. పేర్లు ఉంటే ఉండనీ, వాళ్లు చేసే పనులు ఎందుకు? గొర్రెల కాపరి, రిపేరు షాపు. నవ్వుతారు."

"నవ్వనీ సార్. లెక్క మారదు."

లోపల ఆమె గంటసేపు మాట్లాడింది. ఉరుకుందుకు ఇంగ్లీషు సగం అర్థమైంది. కొండల బొమ్మలు వచ్చినప్పుడు మాత్రం మొత్తం అర్థమైంది. ఆమె ఆ ఫైలులో ఆ లైను చూపించగానే హాల్లో గుసగుసలు లేచాయి.

గైడు లేచాడు. "ఆ మూడు నీళ్లను ఊరికే కట్టలేదమ్మా. అప్పట్లో మా కంప్యూటర్లు చిన్నవి. కట్టకపోతే లెక్క ముగిసేదే కాదు."

"తెలుసు సార్. అప్పుడు తాడు అవసరం. ఇప్పుడు విప్పొచ్చు. విప్పినాక దాన్నే దారి అనడం కుదరదు."

బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు, కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ, అడిగింది. "ఎన్నిసార్లు వేశావు?"

"ఎనిమిది సార్లు మేడం. వేరు వేరు మిషన్ల మీద." తెర మీద ఫొటో వచ్చింది. వరసగా ఎనిమిది కంప్యూటర్లు, ఎనిమిది బొట్లు. హాలంతా నవ్వింది. పావని నవ్వు అయ్యేదాకా ఆగింది. స్లైడు మార్చలేదు.

"ఆ బొట్లేంటమ్మా?"

"మా ఊళ్లో పని చేసే మిషన్‌కు పెడతాం మేడం."

తర్వాత ఆఖరి స్లైడు. పెద్దావిడ పేర్లు చదివింది. "తిప్పమ్మ ఎవరు?"

"గొర్రెల కాపరి. మా ఫైలులో తప్పు కనిపెట్టింది ఆమె. నాలుగేండ్లు నేను చూడలేదు. ఆమె మూడుసార్లు చూసి చెప్పింది."

"ఉరుకుందు?"

"అదిగో, ఆఖరి వరసలో ఒళ్లో డిస్కు పెట్టుకుని ఉన్నాడు. ఒకసారి నా మిషన్ ఆపినాడు. రెండోసారి మా నాయన వచ్చి ఆపమన్నా ఆపలేదు."

అందరూ వెనక్కి తిరిగారు. ఉరుకుందు డిస్కును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పెద్దావిడ కళ్లజోడు తీసి, వేడి పెంచినప్పటి అంకెలు ఇంకోసారి అడిగి, కాగితం మీద రాసుకుంది. థీసిస్ రాసి ఇవ్వమంది. గైడు లేచి వచ్చి, పావని ముందున్న నీళ్ల సీసా మూత తీసి ఆమె వైపు జరిపాడు.

తలుపు దగ్గర శశికాంత్ నిలబడి ఉన్నాడు. చెల్లెల్ని ఇంటికి తీసుకెళ్లమని తండ్రి పంపితే వచ్చాడు. ఫోన్ తీశాడు. "నాయనా, తేలింది," అన్నాడు. అవతల శెట్టి ఫోన్ పెట్టేశాడు.

తర్వాత ఎనిమిది నెలలు ఆమె హైదరాబాదులో థీసిస్ రాసింది. మిషన్లు ఎమ్మిగనూరులో తిరిగాయి. లెక్క గంటకొకసారి సేవ్ అయ్యేట్టు, అయిన ప్రతిసారీ ఇద్దరి ఫోన్లకూ మెసేజీ వచ్చేట్టు ఆమె పెట్టింది. సేవ్ అయింది. సేవ్ అయింది. ఉరుకుందు ప్రతి ఒక్కటీ చదివేవాడు. మధ్యమధ్య ఒకటి వేరేగా వచ్చేది. "సేవ్ అయింది. తిన్నావా?" అది మిషన్ పంపింది కాదని అతనికి తెలుసు. "మిషన్ తినింది. నేను తినాల," అని జవాబిచ్చేవాడు.

మళ్లీ ఆయుధ పూజ వచ్చింది. షాపు కడిగి, స్క్రూడ్రైవర్లు పేర్చి, ఉరుకుందు ఎనిమిది మిషన్ల ముందు నిలబడ్డాడు. ఆపలేదు. వాటికి ఈ ఏడాది పండగ లేదనుకున్నాడు.

గుమ్మంలో పావని. చేతిలో బంతిపూల సంచి.

"ఇంకా ఆపలేదా?"

"ఎవరు సెప్పినా ఆపనని అంటి గదా."

"సేవ్ చేసినా. ఇప్పుడు ఆపు."

ఇద్దరూ కలిసి ఒక్కొక్కటే ఆపారు. ఎనిమిదోది ఆగగానే సందులో పిల్లల అరుపులు, ఎవరో కొబ్బరికాయ కొట్టిన చప్పుడు లోపలికి వినిపించాయి. ఆమె విభూతి దిద్దింది, అతను కుంకుమ పెట్టాడు. ఎనిమిది దండలు వేశాక సంచిలో ఇంకొకటి మిగిలింది.

"ఇది నీ మెడలో వేసుకోమని పోయినేడే చెప్పినా. నువ్వు వేసుకోకపోతివి," అంటూ ఆమే వేసింది.

ఉరుకుందు దండను రెండు చేతులతో పట్టుకున్నాడు. "మీ నాయన?"

"చెప్పే వచ్చినా. యాడికి పోతాండానో, ఏంటికి పోతాండానో అన్నీ చెప్పినా. చాటుగా రాలేదు. నాకు ఆదోని కాలేజీలో ఉద్యోగం వచ్చింది. పొద్దున ఆడ పాఠం చెప్తా, సాయంత్రం ఈడ లెక్క వేస్తా. మా అమ్మ ఒప్పుకుంది. నాయన మాట్లాడలేదు. ఆయన మాట్లాడేదాకా నేను ఆగను. నువ్వు ఆగుతావా?"

"నాకు ఆపడం ఒకటే వచ్చు అనుకుంటాండావా?" అన్నాడు ఉరుకుందు. "పా. అవ్వకు సెప్తాం."

"అంతే మనవరాలా, ఆడికి రాసింది సాలు. పెండ్లి కార్తీకంలో, ఈరన్న స్వామి గుడి కాడ. అది నీకు తెలిసిందే. పిల్ల తల్లి శాంతమ్మ వస్తానంది. శశికాంతూ వస్తానన్నాడు. దామోదరం ఒక్కడే ఉలకడు పలకడు.

ఈ కాగితాలన్నీ వరస తప్పకుండా పెట్టుకో. రేపు పొద్దున బస్సుకు ఆదోనికి పో. మండీలో దామోదరం కాడ కూసొని మొదటి నుంచి సదివి ఇనిపీ. బతిమాలాకు. కాంటా మాట వచ్చినకాడ కొంచెం ఆగు. ఆ మాట ఆయన బిడ్డదే, ఆయనకి మళ్లా ఒకసారి ఇనపడనీ. ఆయన రాకున్నా పెండ్లి ఆగదని సెప్పు. వస్తే మాత్రం సందులో ఒక్కడే నక్కి నక్కి వచ్చే పని లేదు, ఊరందరూ వచ్చే దారినే రమ్మను. మజ్జిగ ఈసారైనా తాగాల.

మధ్యలో లేసిపోతే లేసిపోనీ. నువ్వు మాత్రం లేవాకు. గడప కాడ నిలబడి గట్టిగా సదువు. లోపలికి ఇనపడ్తాది."